మోట దగ్గర నేర్చిన మాట

నా ఉద్యోగం టెంపరరీ, నా భయం పర్మనెంటు. బళ్లారిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు ట్యూటరుగా చేరిన కొత్తలో నా పరిస్థితి ఇదీ. బళ్లారి మద్రాసు నుంచి విడిపోయి మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి కొన్నేళ్లయింది. క్లాసులో సగం మందిది కన్నడం, సగం మందిది తెలుగు. రెండు పక్షాలకూ సమానంగా రానిది ఇంగ్లీషు. అది నాకూ రాదన్న సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు.

రాదంటే చదవడం, రాయడం రాదని కాదు. ఎం.ఏ. ప్యాసయినవాణ్ని. పుస్తకంలో ఇంగ్లీషు నాకు పిల్లి, నోటి దాకా వస్తే పులి. మా కాలేజీల్లో ఎవరూ మాట్లాడించలేదు, మేమూ అడగలేదు. పాఠం చెప్పాల్సిన రోజున వాక్యాలన్నీ ముందే రాసుకుని, గదిలో అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకుని, ఆ వేడి చల్లారకముందే క్లాసుకు పోయి దించేసేవాణ్ని. మధ్యలో ఎవరైనా లేచి సందేహం అడిగితే ‘లేటర్’ అనేవాణ్ని. ఆ లేటర్ ఎన్నడూ రాలేదు.

అటువంటి నన్ను ప్రిన్సిపాల్ గారు ఒకరోజు గదికి పిలిపించారు. ఆయన ధార్వాడ వైపు మనిషి. మాతో మాట్లాడేటప్పుడు కన్నడం కలిపిన తెలుగు మాట్లాడేవారు.

“నోడీ మేష్ట్రే, మన హుడుగురు, అదే పిల్లలు, ఇంటర్వ్యూకు పోతారు, నోరు తెరవరు, తిరిగి వస్తారు. మార్కులు జాస్తి, మాటలు నిల్లు. సండూరు కొండల్లో ఇనుపరాయి తవ్వే కంపెనీ ఒకటి హోస్పేటలో ఆఫీసు తెరిచింది. ఫోన్లో, ఎదురుగా ఇంగ్లీషు మాట్లాడే గ్రాడ్యుయేట్లు ఒకరిద్దరు కావాలంట. దసరా అయినాక వాళ్ల పెద్దాయన ఈడికే వచ్చి మాట్లాడించి చూస్తాడు. సోమవారం నుంచి మీరు స్పోకన్ ఇంగ్లీషు క్లాసు తీసుకోవాల.”

“నేనా సార్?”

“మీరే. ఒక్కరన్నా సెలెక్ట్ అయితే క్లాసు ఉంటది, మీ పోస్టూ ఉంటది. లేదంటే ఏమైతదో నేను చెప్పేది బేడ కదా.”

బేడ సార్, అక్కర్లేదు, అర్థమైంది అన్నాను. కాదనాలంటే కారణం చెప్పాలి. ఆ కారణమే నా రహస్యం.

సోమవారం ఎనిమిది మంది వచ్చారు. ఏడుగురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. అందరూ ఆఖరి సంవత్సరం వాళ్లే. ఆ అమ్మాయిది మిషన్ కాంపౌండు. వాళ్లమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆయా, విదేశీ డాక్టరమ్మ దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తోందట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ అమ్మాయి ముందు బెంచీలో కూర్చుంటే నేను బోర్డు వైపే తిరిగి నిలబడేవాణ్ని. అసలైన ఇంగ్లీషు చెవిన పడిన మనిషి! నేను నోరు తెరిస్తే చాలు, దొంగ దొరికినట్టే.

అందుకని ఒక ఉపాయం పన్నాను. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: ఈ గదిలో తెలుగు, కన్నడం నిషేధం, ఇంగ్లీషు మాత్రమే. ఆ నియమం బ్రహ్మాండంగా పనిచేసింది. రెండు వారాల పాటు ఆ గదిలో ఎవరూ ఏ భాషా మాట్లాడలేదు. నేను కాగితం చూసి ‘హౌ డూ యూ డూ’ అంటే ఎనిమిది గొంతులు ‘హౌ డూ యూ డూ’ అనేవి. ఎవరు ఎట్లా ఉన్నదీ ఎవరూ చెప్పేవారు కాదు. ఒక రోజు ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి తొంగిచూసి, “ఏం డిసిప్లిన్ మేష్ట్రే, ఏం డిసిప్లిన్!” అని మెచ్చుకుని పోయారు. ఆ మెప్పు విని నాకు అన్నం సహించలేదు. దసరా దగ్గరికొస్తోంది. కలలో ఒక కోటు మనిషి నన్ను ఏదో అడిగేవాడు, నేను ‘లేటర్’ అనేవాణ్ని, ఆయన సరే అని కుర్చీ లాక్కుని కూర్చునేవాడు.

మూడో సోమవారం ఒక అద్భుతం జరిగింది. ఆఖరి బెంచీలో కప్పగల్లు నుంచి వచ్చే సేద్యగాళ్ల ఇంటి కుర్రవాడు ఒకడుండేవాడు. అందరితో కలిసి అంటే వాడి గొంతుకు పైకప్పు పెంకులు కదిలేవి, ఒంటరిగా లేపితే పెదవి కదిలేది కాదు. వాడు ఆ రోజు తనంత తనే లేచి నిలబడ్డాడు.

“మై ఫాదర్ హ్యాజ్ టూ వెల్స్ సర్.”

ఆగాడు. ఎంతసేపు? పది దాకా లెక్కపెట్టవచ్చు. ఎవరూ కదల్లేదు. మధ్యలో అడ్డుపడడానికి మా దగ్గర మాత్రం ఏముంది గనక!

“ఒన్ వెల్ ఈజ్ సాల్ట్ వాటర్ సర్.”

మళ్లీ ఆగాడు. ఇట్లా ఏడు వాక్యాలు. ప్రతి వాక్యమూ ఒక్క ఊపిరిలో, తడబాటు లేకుండా వచ్చింది. వాక్యానికీ వాక్యానికీ నడుమ మాత్రం అంతంత మౌనం. కూర్చున్నాక అమ్మాయి వెనక్కి తిరిగి వాణ్ని చూసింది. నేను బోర్డు మీది నియమాన్ని నేనే మీరి తెలుగులో అడిగాను, ఎక్కడ నేర్చుకున్నావురా అని.

“కపిల కాడ సార్. పొద్దున్నే ఎద్దులు తోల్తా మాట్లాడుకుంటా. ఎద్దులు నవ్వవు గదా.”

కపిల అంటే మోట. మా సీమలో బావి నుంచి తోలు బానతో నీళ్లు తోడే పనికి ఆ పేరే ఎక్కువ. ఆ ఆదివారం సైకిలు మీద కప్పగల్లు పోయాను. వాడు నేర్పుతాడేమోనని పోయాను. ట్యూటరు శిష్యుడి దగ్గరికి ట్యూషన్‌కు పోయిన వైనం ఇదీ.

బావి దగ్గర వాడి తండ్రి తలగుడ్డ విప్పి నాకు నీడలో పరిచాడు.

“రాప్పా అయ్యవారూ, కూకో. ఏంది, మా వాడు ఎద్దులకు ఇంగ్లీషు నేర్పుతాండాడంట? నేను హో అంటే నిలబడేవి, ఇప్పుడు నిలబడ్డం లేదు. ఇంగ్లీషులో చెప్పల్లేమో!”

“నువ్వు ఫీజు కట్టలేదు గదా నాయనా, అందుకే వినడం లేదు,” అన్నాడు కొడుకు బానకు కట్టిన మోకుతాడు సరిచేస్తూ.

తర్వాత చూపించాడు. ఎద్దులు బావి అంచు నుంచి వాలు బాట వెంట కిందికి నడుస్తాయి. అప్పుడు బావిలోంచి నిండు బాన పైకొస్తుంది. తోలేవాడు ఆ బిగుసుకున్న మోకు మీద ఎక్కి కూర్చుంటాడు, వాడి బరువు కూడా ఎద్దులకు సాయం. కింది దాకా పోయేలోగా వాడొక పాట చరణం పాడతాడు. ఈ కుర్రవాడు పాట స్థానంలో ఒక ఇంగ్లీషు వాక్యం పెట్టుకున్నాడు. నీళ్లు కాలవలో కుమ్మరించాక ఎద్దులు వెనక్కి, పైకి, బావి దాకా అడుగులో అడుగు వేస్తూ రావాలి. ఖాళీ బాన లోపలికి దిగుతుంది. మళ్లీ వాక్యం.

“ఎక్కండి సార్ మోకు మీద,” అన్నాడు.

ఎక్కాను. పట్నపు ధోవతి, కింద వాలు, కాళ్లకు ఆధారం లేదు, ముందు రెండు కొమ్ముల జతలు. ఎద్దులు కదిలాయి. ప్రాణం గొంతులోకొచ్చింది. దాని వెనకాలే, ముందు రాసుకోని, అద్దం చూడని ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చేసింది. ఏం చెప్పానో గుర్తులేదు, దేవుడికి చెప్పుకున్నట్టున్నాను. పులి బయటికొచ్చింది. పడిపోతానన్న భయం ముందు తప్పు మాట్లాడతానన్న భయం చిన్నబోయింది.

కిందికి దిగిన ఆనందంలో నేను గబగబా ఏదో చెప్పబోయాను. వాడి తండ్రి తటాలున అరచెయ్యి ఎత్తి నా ముఖం ముందు నిలిపాడు. ఎద్దులు వెనక్కి బావి దాకా చేరేవరకూ ఆ చెయ్యి దించలేదు.

“ఏమనుకోవద్దు అయ్యవారూ. ఎద్దులు ఎనక్కు వస్తాండేటప్పుడు నోరెత్తగూడదు. ఎనకాల బాయి ఉండాది, వాటికి కనపడదు. నువ్వు ఎవురినో పిలుస్తావు, అవి తమనే అనుకుంటాయి, బెదిరి ఇంకో అడుగు ఎనక్కు ఏస్తాయి. పోయినేడు ఆ పక్క తోటలో అట్లే పాయ, బంగారట్లా ఎద్దు. అప్పుడు చెయ్యి ఎత్తితే దేశానికి రాజైనా సరే, నోరు మూయల్ల ఈడ.”

మాట రావాలంటే మోట కావాలని ఆ రోజు తేలిపోయింది. ఆ తర్వాత ఆదివారాలు ఎనిమిది మందీ కప్పగల్లు వచ్చేవారు. కన్నడం పిల్లలు ‘కపిలె కాలేజు’ అని పేరు పెట్టారు. ఒకరు మోకు మీద, మిగతావాళ్లు గట్టు మీద. దిగేటప్పుడు వాక్యం, ఎక్కేటప్పుడు నిశ్శబ్దం. అమ్మాయికి తోడుగా వాళ్లమ్మ వచ్చేది. కాలవలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, నేను దిగివస్తుంటే వినేది. ఒకసారి ఆమెను చాటుగా అడిగాను, నా ఇంగ్లీషులో చాలా తప్పులున్నాయా అమ్మా అని.

“నాకేం తెలుస్తాది సారూ? నేనూ అన్నీ తప్పులే మాట్లాడతా. ‘మదర్ బేబీ నో మిల్క్’ అంటా. మా డాక్టరు దొరసాని లేచి వస్తాది. లేచి వస్తే చాలు గదా.”

ఊరట కలగాల్సిన మాటే. కాని నా భయం అంత తేలిగ్గా బదిలీ అయ్యే రకం కాదు. పిల్లలు మాట్లాడుతున్నారు, నిజమే. నేనూ ఎద్దుల సమక్షంలో మాట్లాడుతున్నాను. ఎద్దులు లేని గదిలో ఏమవుతుంది? ఆ ప్రశ్న వేసుకున్నానే గాని అందులో అసలు ప్రమాదం ఎక్కడుందో నాకు తట్టలేదు.

దసరా అయింది. కంపెనీ పెద్దాయన వచ్చాడు. మద్రాసు మనిషి, యాభై దాటిన వయసు, తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు. మాట మహా వేగం. ప్రిన్సిపాల్ గదిలో ఆయన కుర్చీలో, ప్రిన్సిపాల్ గారు పక్కన, నేను తలుపు దగ్గర బీరువాకు ఆనుకుని.

అమ్మాయి మొదట వచ్చింది. చిన్న గొంతుతో, తడుముకోకుండా, అడిగినదానికి అడిగినంత చెప్పింది. ఆయన ఒక కలం తీసి రాసుకున్నాడు. ఆమెకు నేను నేర్పింది గుండుసున్న. అయినా నా ఊపిరి ఒక మెట్టు దిగింది. తర్వాత ఆరుగురు వచ్చారు. ఇద్దరు బెదిరి మూగబోయారు. నలుగురు ఒక్కో వాక్యం చెప్పి ఆగారు. ఆయన అంతటితో అయిపోయిందనుకుని ఇంకో ప్రశ్న వేశాడు. వాళ్లు ఆ ప్రశ్నలో మునిగిపోయారు.

అప్పుడు తట్టింది నాకు. మేం నేర్చుకున్నది ఇంగ్లీషు ఒక్కటే కాదు, ఆ ఆగడం కూడా. ఆఖరివాడు కప్పగల్లు కుర్రవాడు. బయటికి పోయి చెబుదామంటే, తలుపు తెరిచి వాడు అప్పటికే లోపలికి వచ్చేశాడు.

మీ ఊరి గురించి చెప్పు అన్నాడాయన.

వాడొక వాక్యం చెప్పాడు. గట్టి గొంతు, శుభ్రమైన వాక్యం. ఆయన తలెత్తి మెచ్చుకోలుగా చూశాడు. వాడు ఆగాడు. రెండు క్షణాలు చూసి ఆయన ఇంకో ప్రశ్నకు నోరు తెరిచాడు.

వాడి అరచెయ్యి లేచింది.

నేరుగా ఆయన ముఖం ముందు, వేళ్లన్నీ దగ్గరగా పెట్టి. వాడి కళ్లు ఆయన మీద లేవు, తన కాళ్ల వెనక బావి ఉన్నట్టు అటే చూస్తున్నాయి. ఆ గదిలో ఆ చెయ్యి ఏమిటో తెలిసినవాళ్లం ఇద్దరమే. ప్రిన్సిపాల్ గారి ముఖం సున్నం కొట్టినట్టయింది. మద్రాసాయన నోరు అట్లాగే తెరుచుకుని ఉంది. వాడు తీరిగ్గా చెయ్యి దించి రెండో వాక్యం చెప్పాడు. అదీ మంచి వాక్యమే. వినేవాళ్లు లేరు. ఆయన మళ్లీ ఏదో అనబోయాడు. మళ్లీ చెయ్యి.

“దట్ విల్ డూ,” అన్నాడాయన. ఆ మాటకు తెలుగు అవసరం రాలేదు.

వాడు బయటికి పోయాక ఆయన అమ్మాయి పేరు కింద గీత పెట్టాడు. ఆమెను ఫోను దగ్గరికి తీసుకుంటామన్నాడు. రెండోవాళ్లు ఎవరూ లేరన్నాడు. చివరి అబ్బాయి తెలివైనవాడే గాని పెద్దల నోరు మూయించే అలవాటు ఆఫీసుకు పనికిరాదన్నాడు. ప్రిన్సిపాల్ గారు క్షమాపణలు చెప్పుకుంటూ ఆయన్ను సాగనంపడానికి లేచారు. నా పక్కనుంచి పోతూ, “ఒకరు అయినారు మేష్ట్రే, మీ పోస్టు ఉంటది,” అని గొణిగారు.

నేను అక్కడే ఉండిపోయి ఉంటే కథ సుఖాంతం. రెండు నెలల బెంగ ఆ క్షణాన తీరిపోయింది. బీరువా వదిలి ఒకడుగు వేశాను. వరండాలో ఆ కుర్రవాడు గోడకు జారబడి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తను చెయ్యి ఎత్తిన సంగతే వాడికింకా తెలియదు. “బాగా మాట్లాడినా గదా సార్?” అని అడిగాడు.

జీపు అప్పటికే స్టార్టయింది. పరిగెత్తాను. నా జన్మలో ఇంగ్లీషు మాట్లాడడానికి పరిగెత్తడం అదే మొదలు, అదే ఆఖరు.

“సర్! స్టాప్ సర్!”

ఆయన తల బయటికి పెట్టాడు. వెనక వరండా నిండా పిల్లలు, మెట్ల మీద ప్రిన్సిపాల్ గారు. కాగితం లేదు, అద్దం లేదు, మోకు కూడా లేదు.

“దట్ హ్యాండ్ నాట్ ఫర్ యూ సర్. ఫర్ బుల్స్ సర్.”

“బుల్స్?” అన్నాడాయన.

బుల్స్ అని మొదలుపెట్టాను గాని మోకుకూ బానకూ ఇంగ్లీషులో ఏమంటారో ఏ ఎం.ఏ. లోనూ చెప్పలేదు. మాట చాలక ఒళ్లు వాడాను. కాలేజీ ఆవరణలో, అందరూ చూస్తుండగా, జీపు ముందు నేనే ఎద్దునై వెనక్కి వెనక్కి నడిచాను. వెనక బావి ఉన్నట్టు చెయ్యి చూపించాను. ముఖం ముందు అరచెయ్యి ఎత్తాను. పడిపోయిన ఎద్దును కూడా చూపించినట్టున్నాను, ధోవతికి మట్టయింది. వాడు మర్యాద తప్పలేదని, ఎద్దును కాపాడే మర్యాదే ఆయనకూ చూపాడని, తప్పంతా నేర్పిన నాదని, నాకు ఇంగ్లీషు మాట్లాడడం రాదని, భయమని, మొదటి రోజు నుంచీ భయమేనని, వచ్చిన మాటలతో, రాని వ్యాకరణంతో చెప్పేశాను. ప్రిన్సిపాల్ గారు వింటున్నారని తెలుసు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని అంతకంటే బాగా తెలుసు. ఆగలేదు.

ఆయన నవ్వలేదు. డ్రైవరు నవ్వాడు. ఆయన డ్రైవరును ఇంజను ఆపమని, కుర్రవాణ్ని పిలవమన్నాడు.

జీపు పక్కన నిలబెట్టి మళ్లీ అదే ప్రశ్న వేశాడు. వాడు ఒక వాక్యం చెప్పి ఆగాడు. ఆయన జీపు అంచు మీద వేలు ఆనించి ఊరుకున్నాడు. వాడి చెయ్యి లేవడానికి పని లేకపోయింది. రెండో వాక్యం, మూడోది. ఎంతసేపు జరిగిందో చెప్పలేను, నేను కళ్లు మూసుకునే ఉన్నాను. చివరకు, నెల రోజులు చూస్తాను, సోమవారం హోస్పేట ఆఫీసుకు రమ్మను అన్నాడు. ఎందుకన్నాడో నాకిప్పటికీ తెలీదు. జీపు పోయింది.

ప్రిన్సిపాల్ గారు మెట్లు దిగి నా దగ్గరికొచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాను.

“మేష్ట్రే, నిజంగానే రాదా మీకు?”

“రాదు సార్.”

ఆయన చాలాసేపు నా ధోవతి మట్టిని చూశారు. “స్పోకన్ ఇంగ్లీషు అనే ఉండనీ, క్లాసు పేరు మార్చవలసిన పని లేదు లెండి,” అని లోపలికి పోయారు. ఆ మాటకు అర్థమేమిటో తెలియక, ఏడాదికి నా పోస్టు పొడిగించిన కాగితం చేతికొచ్చేదాకా నేను సరిగా నిద్రపోలేదు.

వాడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. “ఏమన్నాడు సార్ దొర?”

“సోమవారం పొమ్మన్నాడప్పా, హోస్పేటకు.”

“బస్సెక్కేదానికి నాకేం భయం ల్యా సార్. దిగినంక మాట్లాడల్ల గదా, దానికే.” అరచెయ్యి చూసుకుంటూ అన్నాడు: “ఆడ ఎవురన్నా నా మాట మధ్యలో మాట్లాడితే యట్ల సార్? చెయ్యి దానంతట అదే లేస్తాది.”

“జేబులో పెట్టుకో.”

“మా నాయన జేబులు కుట్టిస్తే గదా!”

సోమవారం నేనూ వాడితో బస్సెక్కాను. దారి పొడుగునా తెలుగులోనే మాట్లాడుకున్నాం, ఆగకుండా, ఒకరి మాట మీద ఒకరు పడుతూ, చెనక్కాయ ధర గురించీ, తెల్ల ఎద్దు కాలి పుండు గురించీ. హోస్పేటలో ఆఫీసు గేటు దగ్గర వాడు చొక్కా మెడ సర్దుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని లోపలికి పోయాడు. నేను పదకొండు గంటల బస్సుకు తిరిగి పోవాలి, మధ్యాహ్నం క్లాసుంది. ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాను. పదకొండు గంటల బస్సు వచ్చింది, పోయింది. గేటు వైపే చూస్తూ ఇంకో టీ చెప్పాను.